చలికి ఎరుపెక్కే ఆకు

ఇంటి ముందు నాలుగడుగుల మడిలో రంగురంగుల లెట్యూస్. మహమ్మద్ నగర్ లాంటి ఊళ్లో దాన్ని ఎప్పుడు వేయాలి, ఎక్కడ వేయాలి, ఎన్నాళ్లు ఉంచాలి?

నిజాంసాగర్ కాలువ కింద వానాకాలం కోతలు అయిపోయాయంటే ఊళ్లకు ఊళ్లు ఒకే రంగులోకి దిగుతాయి. మళ్లలో కొయ్యకాళ్లు, ఇళ్ల పక్కన గడ్డివాములు, రోడ్డు పొడుగునా ఆరబోసిన వడ్లు. యాసంగి నాట్లు పడి మళ్లీ పచ్చబడేదాకా ఇదే వరస. ఈ రెండు పంటల సందులోనే చలి దిగుతుంది. బాన్సువాడ డివిజన్‌లోని మహమ్మద్ నగర్ చుట్టుపక్కల డిసెంబర్ రాత్రుల్లో వేడి 10–15 డిగ్రీలకు పడిపోతుంది. పగలు మాత్రం మబ్బు లేని ఎండ. మనచేత దుప్పట్లు తీయించే ఈ వాతావరణమే ఒక ఆకుకు ప్రాణం. రాత్రి చలి, పగటి వెలుగు సమంగా దొరికితే ఆ ఆకు లేత పచ్చ నుంచి రాగి రంగుకు, అక్కణ్నుంచి నల్లద్రాక్ష రంగుకు తిరుగుతుంది. అదే లెట్యూస్.

కూర మొక్కలను రంగులు చూసి, వరసలు చూసి నాటడం మనకు కొంత వింతగానే ఉంటుంది. పూలమొక్కలకు వాకిలి, కూర మొక్కలకు పెరడు అని పంపకాలు ఎప్పుడో అయిపోయాయి. ముద్దబంతి ముందుకు, బీరపందిరి వెనక్కు. చలికాలం వరకైనా ఈ పంపకాన్ని తిరగరాయాలని నా వాదన. అలా రాయడానికి అందం ఒక్కటే కారణం కాదు, ఎండ లెక్క కూడా ఉంది. దాని గురించి కాసేపట్లో చెప్తాను.

ఈ ఊళ్లకు కొత్తదేం కాదు

కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల్లో గల్ఫ్‌కు పోయొచ్చిన మనిషి లేని వాడకట్టు దొరకడం కష్టం. దుబాయ్‌లోనో, రియాద్‌లోనో హోటల్ వంటింట్లో పనిచేసినవాళ్లను అడగండి, ఈ ఆకు పేరు ‘ఖస్’ అని టక్కున చెప్తారు. పొద్దున లేస్తూనే డబ్బాల కొద్దీ కడిగి, ఆరబెట్టి, కోసిపెట్టిన చేతులు అవి. అక్కడి పార్కుల్లో, రోడ్ల నడుమ పూలమళ్లలో రంగులు వరసపెట్టి నాటే కూలిపనిలో ఏళ్లు గడిపినవాళ్లూ మన దగ్గర ఉన్నారు. ఎర్రమొక్క పక్కన పసుపు మొక్క, దాని పక్కన తెల్లది, అన్నీ దారం కట్టి కొలిచి నాటడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. ఆ విద్య ఇంటికొచ్చాక మాత్రం వాడకంలో లేకుండా పోతుంది. ఎడారిలో ఎవరి ఇంటి ముందో చేసిన పని సొంత వాకిట్లో చేయడానికి ఎందుకో చేయి రాదు.

ఇంకా వెనక్కి పోతే ఈ మొక్క హైదరాబాద్ రాజ్యంలోకి ఆకుగా కాదు, గింజగా వచ్చింది. యునానీ వైద్యంలో ‘తుఖ్మ్-ఎ-కాహూ’ అంటే లెట్యూస్ గింజలే. ఆ గింజల నూనె ‘రోగన్-ఎ-కాహూ’. నిద్ర పట్టనివాళ్ల తలకు మర్దన చేయమని హకీములు ఇచ్చే నూనె అది. చార్మినార్ దగ్గరి నిజామియా యునానీ ఆసుపత్రి చుట్టూ ఉన్న మందుల దుకాణాల్లో ఈ పేరు చెబితే తెల్లమొహం వేసేవాళ్లు ఉండరు. నూనెగింజగా దీని చరిత్ర చాలా పాతది. ఈజిప్టు వాళ్లు దీన్ని నాలుగు వేల ఏళ్ల కిందటే సాగుచేశారు. మిన్ అనే వాళ్ల సంతాన దేవుడి పక్కన గోడలమీద నిటారుగా, ఈటె ఆకులతో ఎత్తుగా చెక్కిన మొక్క ఇదేనని చెబుతారు.

కుటుంబం చూస్తే లెట్యూస్ మనకు మరీ పరాయిది కాదు. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు, కుసుమ అన్నీ దీని బంధువులే. కాడ విరిస్తే పాలు కారతాయి. ఆ పాలలోనే చేదు ఉంటుంది. ఈ చేదు సంగతి గుర్తుపెట్టుకోండి, ఫాల్గుణంలో మళ్లీ పనికొస్తుంది.

మరి లెట్యూస్ అనగానే మనవాళ్లు మొహం చిట్లించేది ఎందుకు? తప్పు బర్గర్‌ది. 1894లో అమెరికాలో బర్పీ కంపెనీ ‘ఐస్‌బర్గ్’ అనే గట్టి గడ్డ రకాన్ని అమ్మకానికి పెట్టింది. అది రైలు ప్రయాణానికి తట్టుకుంటుంది, నెలల తరబడి కాకున్నా వారాల తరబడి నిలవుంటుంది. 1996లో మెక్‌డొనాల్డ్స్ ఇండియాకు వచ్చాక మన పట్టణాల పిల్లలకు తెలిసిన లెట్యూస్ కూడా అదే. రంగూ రుచీ లేని, పటపటమనే నీళ్ల ఆకు. లెట్యూస్ అంటే అదే అనుకుంటే ఇంటి ముందు వేసుకోవాల్సిన అవసరం నిజంగానే లేదు. పైగా గడ్డ కట్టే రకాలకు సుదీర్ఘమైన చలి కావాలి. మన దగ్గర అవి చాలాసార్లు గడ్డ కట్టకముందే కాడ వేస్తాయి. విడి ఆకుల రకాలు అలా కాదు. అవి త్వరగా ఎదుగుతాయి, ఒకటీ రెండూ ఆకులు తెంపినా ఏమనవు. రంగులన్నీ ఉన్నవీ అందులోనే.

పెరుగుతూ ఉండగా చూసుకునే ఆకు

కూరమడిని చూసి ఆనందించడాన్ని రాజ్యం పనిగా పెట్టుకున్నవాడు ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ. 1678 నుంచి 1683 దాకా వెర్సైలో ఆయన కోసం ఒక చిత్తడి నేలను పూడ్చి రాజుగారి కూరతోట కట్టారు. తోటమాలి జాన్ బాప్టిస్ట్ ద లా కాంతినీ. న్యాయవాద వృత్తి వదిలి మొక్కల్లోకి వచ్చిన మనిషి. నడి చలికాలంలో రాజు బల్ల మీదికి సలాడ్ ఆకులు రావాలని గుర్రపుశాల పెంట వేడితోనూ గాజు గంటల మూతలతోనూ మొక్కలకు వెచ్చదనం పుట్టించాడు. ఆయన తంటాలన్నీ వేడి కోసం. మన తంటాలు దానికి సరిగ్గా తిరగేసి ఉంటాయి.

రంగు విషయంలో అసలు గురువు మాత్రం విలాండ్రీ. లువార్ నది దాపున ఉన్న ఈ కోటను 1906లో స్పెయిన్‌లో పుట్టిన వైద్యశాస్త్రవేత్త జోఆకిం కార్వాల్యో కొన్నాడు. అంతకుముందు యజమానులు వేసిన పచ్చిక బయళ్లను తీసేసి, పాత కాలపు పద్ధతిలో తోటను మళ్లీ గీయించాడు. అందులో కూరతోట తొమ్మిది చతురస్రాలు. కొలత అన్నిటికీ ఒకటే, లోపలి గీత మాత్రం దేనికదే. ఏడాదికి రెండుసార్లు, వసంతంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి, మొత్తం తీసి కొత్తగా నాటుతారు. క్యారెట్ ఆకు పచ్చ, లీక్ ఉల్లి నీలిబూడిద, బీట్‌రూట్ ఎరుపు, మధ్యలో లెట్యూస్. అంచులకు పొట్టి కంచె మొక్కలు. పై అంతస్తు నుంచి చూస్తే అది తినేవాటి తోట అని తెలుసుకోవడానికి కాస్త సమయం పడుతుంది.

ఇక్కడ నాకు ఎప్పుడూ నవ్వు తెప్పించే సంగతి ఒకటుంది. మనం పప్పులో వేసుకునే తోటకూరలో అమరాంథస్ ట్రైకలర్ అనే జాతి ఉంది. దానిలోని ఎరుపు, పసుపు, పచ్చ కలగలిసిన రకాలను యూరప్ వాళ్లు పూలమళ్లలో అలంకారంగా నాటుకున్నారు. కొన్ని పార్కుల్లో ఇప్పటికీ నాటుతారు. ఎర్రబచ్చలినీ అంతే, పందిరి మీదికి పాకించి చూసుకునే తీగగా పెంచుతారు. మన కూర వాళ్లకు అలంకారం. వాళ్ల కూరను మనం ఇప్పుడు అలంకారంగా నాటుకోబోతున్నాం. బాకీ చెల్లు.

ఎరుపు ఎక్కడిది?

ఎర్ర లెట్యూస్‌లో రంగునిచ్చేది ఆంథోసయనిన్. వంకాయ తొక్క, నేరేడు పండు, ఎర్రకాడ పుంటికూర, వీటన్నిటి రంగూ ఇదే వర్గం. తోటకూర ఎరుపు వేరు. అది బీటలైన్, బీట్‌రూట్‌కూ ఎర్రబచ్చలి పండుకూ ఉన్నది. ఈ రెండు రకాల రంగులూ ఒకే మొక్కలో కలిసి ఉండవు. కంటికి రెండూ ఎరుపే అయినా నడవడి వేరు. తోటకూర ఎరుపు మండుటెండలో కూడా నిలుస్తుంది. లెట్యూస్ ఎరుపు మాత్రం చల్లని రాత్రులు, గట్టి వెలుతురు రెండూ ఉంటేనే పండుతుంది. అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడుకోవడానికి ఆకు ఈ రంగును పైపొరల్లో పోగుచేసుకుంటుంది. అందుకే బయటి ఆకులు ముదురు ఎరుపుగా, నీడలో ఉండే గుండె లేత పచ్చగా ఉంటాయి.

మన దగ్గర చిక్కు ఇక్కడే వస్తుంది. వేడికి భయపడి సగం నీడనిచ్చే ఆకుపచ్చ వల కడతాం. మొక్క బతుకుతుంది, రంగు వెలిసిపోతుంది. లోలో రోసా అనే ఎర్ర రకమని చదివి కొన్న విత్తనం నుంచి ఎరుపు గీతలు తప్ప ఇంకేం లేని పచ్చ ఆకు వస్తుంది. విత్తనం దుకాణంవాడు మోసం చేశాడని అనుకుంటారు. మోసం వలది. చలి రోజుల్లో వల తీసేసి ఎండకు వదిలితే, వారం పది రోజుల్లో కొత్త ఆకులు రంగు తేరుకుంటాయి.

ఎర్ర లెట్యూస్ ఈమధ్య కాలంలో చాలా దూరం పోయింది. 2015 ఆగస్టు 10న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు అక్కడే పండించిన ఆకును మొదటిసారి నాసా అనుమతితో తిన్నారు. అది ‘ఔట్‌రెడ్జస్’ అనే ఎర్ర రొమైన్ రకం. దాన్ని తయారుచేసింది అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రానికి చెందిన ఫ్రాంక్ మోర్టన్ అనే విత్తన రైతు. ఎరుపు కోసమే ఏళ్ల తరబడి మొక్కలను ఏరుకుంటూ పోయినవాడు. వ్యోమగాములు అందులో సగం తిని, సగం పరీక్షలకోసం కిందికి పంపడానికి దాచారు. మన ఇళ్లలో ఇంత నిగ్రహం ఆశించలేం.

వాకిలి ఎందుకు?

తూర్పు ముఖం ఇల్లు మనవాళ్లకు ఇష్టం. అలాంటి ఇంటి ముందు పొద్దున లేత ఎండ నేరుగా పడుతుంది. మధ్యాహ్నం దాటాక ఇంటి నీడే వాకిటి మీదికి వచ్చేస్తుంది. లెట్యూస్‌కు కావలసింది అచ్చంగా ఇదే. పొద్దుటి పూట ఐదారు గంటల వెలుతురు, పడమటి ఎండ నుంచి తప్పించుకునే నీడ. వల అక్కర్లేకుండా రంగు నిలుస్తుంది, వేడీ తగ్గుతుంది. అదే పెరట్లో అయితే పడమర ఎండ సాయంత్రం దాకా కొడుతుంది. నేను ముందు చెప్పిన ఎండ లెక్క ఇది. ఇల్లు పడమటి ముఖమైతే ఈ మాట తిరగేసుకుని, పెరట్లోనే వేసుకోండి.

పెరటిని వద్దనడానికి ఇంకో కారణం నీళ్లు. స్నానాల నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు పెరట్లోకి పోయి అరటికీ చేమకూ ఉపయోగపడటం పాత పద్ధతి. ఉడికించి తినే కూరకు అది సరిపోతుందేమో. పచ్చిగా తినే ఆకు మీద ఆ నీళ్లు పడకూడదు. లెట్యూస్‌కు బోరు నీళ్లో, నల్లా నీళ్లో పొద్దున పూట మొక్క మొదలు దగ్గర పోయాలి, ఆకు తడవకుండా.

విత్తనం నిద్ర

సద్దుల బతుకమ్మ అయి, దసరా జమ్మి ఆకు పంచుకున్నాక విత్తనం చేతికి తీసుకోవచ్చు. గ్రాముకు 800 నుంచి 1000 దాకా గింజలు వస్తాయి. కొన్ని తెలుపు, కొన్ని నలుపు, రెండూ నూలుపోగు మందమే. నాలుగడుగుల మడికి ఒక చిన్న పొట్లం నాలుగేళ్లు వస్తుంది, ఆరనిచ్చి ఫ్రిజ్‌లో దాచుకుంటే.

ఈ గింజకు రెండు పట్టింపులు. వెలుతురు తగలకపోతే చాలా రకాలు సరిగా మొలవవు. అందుకే మెంతులు చల్లినట్టు మట్టి కప్పేయకూడదు. తడిమట్టి మీద చల్లి అరచేత్తో ఒత్తితే చాలు. రెండోది, వేడి. 30 డిగ్రీలు దాటిన మట్టిలో గింజ బతికే ఉండి కూడా నిద్రలోకి జారుకుంటుంది. అక్టోబర్ పగళ్లలో మన నేలలు ఆ గీత దాటేస్తాయి. అందుకే విత్తనాన్ని తడిగుడ్డలో చుట్టి, మూత డబ్బాలో పెట్టి ఒకట్రెండు రోజులు ఫ్రిజ్ కింది అరలో ఉంచాలి. తెల్లని ములుకు కనిపించగానే నారు పెట్టెలో వేయాలి. ఫ్రిజ్ లేకపోతే నీళ్ల రంజన్ పక్కన, ఇసుక ఎప్పుడూ చెమ్మగా ఉండే చోట నారు పెట్టె పెట్టుకోవచ్చు. రంజన్ చల్లదనం మన పూర్వీకులు మంచినీళ్ల కోసం కనిపెట్టిందే కానీ, గింజకు కూడా పనికొస్తుంది.

మూడు నాలుగు వారాలకు నాలుగైదు ఆకులు వస్తాయి. దీపావళి దాటాక, కార్తీక పున్నమి లోపు మడికి మార్చాలి. సాయంత్రం పూట, ఎండ వాలాక.

నల్లరేగడి నేలలో ఒక జాగ్రత్త. వానలో జిగటగా, ఎండలో బీటలుగా ఉండే ఆ మట్టిలో లెట్యూస్ వేర్లకు ఊపిరాడదు. వేళ్లు పైనున్న జానెడు లోతులోనే తిరుగుతాయి. కాబట్టి ఇటుకలు పేర్చి జానెడు ఎత్తు మడి లేపండి. బాగా చివికిన పశువుల ఎరువు, చెల్క మట్టి, కుళ్లిన వరి ఊక కలిపి నింపండి. చివికినది అనే మాటను రెండుసార్లు చదవండి. పచ్చి పెంటలో ఉండే సూక్ష్మజీవులు ఉడకని ఆకుతో పాటు నేరుగా కడుపులోకి పోతాయి. వరి పొలంలో లెక్కలేకుండా యూరియా చల్లే చేతిని మాత్రం ఈ మడి దగ్గర వెనక్కి లాగాలి. దండిగా నత్రజని పడితే ఆకు మెత్తబడి, పచ్చబడి, పేనుబంకకు విందవుతుంది. ఎరుపు కూడా తగ్గుతుంది. మడి మీద పరచడానికి మనకు కరువు లేనిది వరిగడ్డి. రెండు అంగుళాల మందాన పరిస్తే చెమ్మ నిలుస్తుంది, కింది ఆకులకు బురద అంటదు.

ఈ జాగ్రత్తలన్నీ చెప్పే పరిశోధన కేంద్రం పక్కనే ఉంటే బాగుండేదనిపిస్తుంది. దగ్గర్లోని రుద్రూరు కేంద్రం వరికీ చెరుకుకూ పెట్టింది పేరు. అది న్యాయమే. 1931లో నిజాంసాగర్ పూర్తయి, 1937లో బోధన్‌లో చక్కెర కర్మాగారం మొదలయ్యాక ఈ ఆయకట్టు బతుకంతా ఆ రెండు పంటల చుట్టూ తిరిగింది. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు వచ్చి క్యాంపులు కట్టుకుని కూర్చున్నదీ ఆ నీళ్లు చూసే. ఇంటి ముందటి నాలుగడుగులను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మిద్దెతోటల విషయంలో ఈ లోటును హైదరాబాద్ నారపల్లిలో కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటి వాళ్లు సొంత అనుభవంతోనే పూడ్చారు. రాసి, చూపించి, వేలమందికి ఇంటి కూరల మీద ఆసక్తి కలిగించారు. నేల మీద ఉన్నవాళ్లకు అంత కష్టం కూడా లేదు.

బతుకమ్మ పేర్చిన చేతులకు

రంగులు ఎలా కలపాలన్నది మన ఆడవాళ్లకు విలాండ్రీ చెప్పక్కర్లేదు. బతుకమ్మ పేర్చేటప్పుడు ఒకే రంగు వరసలు రెండు పక్కపక్కన పడనివ్వరు. తంగేడు పసుపు, దాని మీద గునుగు, ఆ తెల్ల గునుగు కొసలకు అద్దిన ఎరుపో ఊదానో, మళ్లీ బంతి. మధ్యలో కట్ల పువ్వు నీలం. ఆ గునుగు మన తోటకూరకు దాయాది కూడా, అదే కుటుంబం. ఈ పేర్పును నేలమీద పరుచుకుంటే మడి గీత తయారైనట్టే.

నాలుగడుగుల చదరంలో జానెడు ఎడంతో అటు ఐదు, ఇటు ఐదు, మొత్తం ఇరవై ఐదు మొక్కలు పడతాయి. నడిమధ్య ఒక్క రొమైన్. నిటారుగా లేస్తుంది కాబట్టి ఎత్తు వస్తుంది. దాని చుట్టూ ఎనిమిది లోలో రోసా, అంచులు కుచ్చులు పెట్టినట్టు ముడతలుపడే ముదురెరుపు. బయటి వరసలో పదహారు. నాలుగు మూలల్లో ఓక్ లీఫ్ రకం, మిగిలిన పన్నెండు చోట్ల లేతపచ్చ లోలో బయోండా. ఎవరికైనా కొంచెం విచిత్రం కావాలనిపిస్తే ఫోరెలెన్‌ష్లుస్ అనే ఆస్ట్రియా రకం ఉంది, పచ్చ ఆకు మీద ఎర్రచుక్కలు చిలకరించినట్టుంటుంది. అది ఒకటో రెండో చాలు, మడి నిండా వేస్తే చూపు ఎక్కడా నిలవదు.

ఎరుపు వరస పక్కన మళ్లీ ఎరుపు వరసే పెడితే దూరం నుంచి నల్లటి మచ్చగా కనిపిస్తుంది. ఎరుపు తెలిసేది పచ్చ పక్కనే. రంగొక్కటే కాదు, ఆకు తీరు కూడా కలపాలి. లెట్యూస్ ఆకు వెడల్పు కనుక అంచున కొత్తిమీర సన్నదనం, ఉల్లికాడల నీలిపచ్చ, ఒక వైపు క్యారెట్ ఆకు. మూలకు ఒక బంతి. బంతి వేళ్లు నులిపురుగులను కొంతవరకు అదుపు చేస్తాయి. ఆ మాట పక్కన పెట్టినా దాని నారింజ రంగు ద్రాక్షరంగు లెట్యూస్ పక్కన బాగా పలుకుతుంది. తులసికోట చుట్టూ వలయంగా నాటినా బాగుంటుంది. వాకిట్లో సాన్పు చల్లేటప్పుడు పేడనీళ్లు ఆకుల మీద పడకుండా కొంచెం చేయి తిప్పుకుంటే చాలు.

కోయాలా, చూడాలా?

అందం కోసం నాటిన కూరమడిలో ఇదే తెగని తగవు. విలాండ్రీ లాంటి చోట కోసిన చోట పెట్టడానికి నారు ఎప్పుడూ తయారుగా ఉంటుంది, మాలీలుంటారు. మన ఇంట్లో ఒక మొక్కను మొదలంటా కోస్తే మడిలో పన్ను ఊడినట్టవుతుంది. కోయకపోతే ఆకు ముదిరి పాడవుతుంది.

మధ్యేమార్గం బయటి ఆకులు తెంపడం. నాటిన నెలరోజులకు మొదలుపెట్టి, ఒక్కో మొక్కకు అడుగునున్న రెండో మూడో ఆకులు కాడకు దగ్గరగా గిల్లాలి. గుండె ముట్టకూడదు. ఇరవై ఐదు మొక్కల నుంచి ఇలా తెంపితే నలుగురున్న ఇంటికి వారానికి రెండుసార్లు తట్టెడు ఆకు వస్తుంది. మడి మీద తేడా కనిపించదు. నిజానికి ముదురు ఆకులు తీసేస్తుంటే కొత్త ఆకులకు వెలుతురు తగిలి రంగు ఇంకా తేరుతుంది. మూడు వారాలకొకసారి చిటికెడు గింజ నారుపోసి ఉంచుకుంటే, ఎక్కడైనా మొక్క పోయినా పక్కనుంచి తెచ్చి పెట్టుకోవచ్చు.

పోవడం అంటే ఎక్కువగా కోళ్ల వల్లే. వాకిట్లో తిరిగే కోడిపెట్టకు లెట్యూస్ కంటే ఇష్టమైనది లేదు. ఒక్క పూట చూడకపోతే ఇరవై ఐదు మొక్కలూ మొదళ్లదాకా కొరికి, వరిగడ్డంతా గీరి పారేస్తుంది. మోకాలెత్తు వల చుట్టూ కట్టక తప్పదు. మేకకూ అదే వల. కోతులకు వల పనికిరాదు. ఈ జిల్లాల్లో కోతుల బెడద తెలిసినవాళ్లకు కొత్తగా చెప్పేదేం లేదు. ఒక్కటే ఊరట, జామకాయ, మక్కకంకి దొరికినంతవరకు అవి ఈ ఆకు జోలికి అంతగా రావు. పేనుబంక కనిపిస్తే నీళ్ల ధారతో కడగండి, మందు కొట్టొద్దు. పచ్చిగా తినే ఆకు మీద పురుగుమందు కొట్టాల్సివస్తే ఆ పంట వదులుకోవడమే మేలు. నత్తలను పొద్దున్నే వరిగడ్డి ఎత్తి ఏరేస్తే సరి.

పళ్లెంలోకి

పక్కింటి అవ్వ తొంగిచూసి, “గిదేం కూర బిడ్డా, పచ్చిదే నములుతరా?” అనడం ఖాయం. మనకు ఆకు అంటే పప్పులోనో, పులుసులోనో పోవాల్సిందే. ఉల్లిగడ్డ, నిమ్మకాయ తప్ప పచ్చివి పళ్లెంలో ఉండవు. లెట్యూస్‌ను పప్పులో వేసి చూసినవాళ్లున్నారు. దండగ. వేడికి ఎరుపు గోధుమ రంగులోకి దిగిపోతుంది, రుచి కూడా చప్ప. ఆ పనికి చుక్కకూర, పుంటికూర ఉండనే ఉన్నాయి.

పచ్చిగానే తినాలి. మూడు నీళ్లలో బాగా కడిగి, నీళ్లు వాడ్చి, చేత్తో తుంచి, నిమ్మరసం, ఉప్పు, వేయించిన పల్లీల పొడి, నాలుగు ఉల్లి చక్రాలు వేసి కలిపితే చాలు. నిమ్మరసం పడగానే ఎరుపు ఇంకాస్త మెరుస్తుంది. ఆంథోసయనిన్‌కు పులుపు తగిలితే అది దాని తీరు. నానబెట్టిన పెసరపప్పు కలిపితే పిల్లలు తింటారు. బిర్యానీ పక్కన, మటన్ కూర పక్కన ఈ లేత చేదు బాగా కుదురుతుంది. బాన్సువాడ లాంటి పట్టణాల్లో కూడా మండీ పళ్లేలు కనిపిస్తున్న రోజులివి, వాటిలో పరవడానికి ఇంటి ఆకు ఉంటే ఇంకా మంచిది. సర్వపిండి ముక్కను ఒక పెద్ద ఆకులో చుట్టి తింటే ఎలా ఉంటుందో ఎవరికి వారు చూసుకోవాలి. నాకైతే నచ్చింది.

కోసిన వెంటనే తింటేనే బాగుంటుందన్నది మాత్రం నిజం. గడ్డ రకాలకంటే ఈ విడి ఆకుల రకాలకు నిలవ తక్కువ. దుకాణాల్లో అవి అరుదుగా కనిపించడానికి అదీ ఒక కారణం. వాకిట్లో ఉన్నవాళ్లకే అవి నిజంగా దక్కుతాయి.

శివరాత్రి తర్వాత

సంక్రాంతికి మడి నిండు రంగు మీద ఉంటుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని పెద్దలంటారు. లెట్యూస్ కూడా అదే రోజులకు చేతులెత్తేస్తుంది. నడిమధ్య నుంచి కాడ పైకి లేస్తుంది, ఆకులు సన్నబడి పాలు ఎక్కువై నోట్లో పెట్టుకోలేని చేదు అవుతుంది. నీడ కట్టి, రోజుకు రెండుసార్లు నీళ్లు పోసి ఇంకో నెల లాగడానికి ప్రయత్నించేవాళ్లున్నారు. నేనొద్దంటాను. లెట్యూస్‌కు ఇక్కడ నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా చోటుంది, దానికి మించి బతిమాలినా రంగు ఉండదు, రుచి ఉండదు, నీళ్లు దండగ.

ఒక్కటి మాత్రం చేయండి. అందరికంటే ఆలస్యంగా కాడ వేసిన మొక్కను, మంచి ఎరుపున్నదాన్ని, ఒకటో రెండో వదిలేయండి. చిన్న పసుపు పూలు పూస్తాయి, దాదాపుగా పరపరాగం అవసరం లేకుండా తమలో తామే ఫలదీకరణ చెందుతాయి. అందుకే హైబ్రిడ్ కాని రకమైతే తల్లిలాంటి మొక్కలే వస్తాయి. పూల చోట తెల్లని కుచ్చు తేలగానే కాడ కోసి సంచిలో తలకిందులుగా ఆరబెట్టి దులపాలి. మన ఎండకు తట్టుకున్న మొక్క గింజ, పొట్లంలో కొన్న గింజకంటే మేలు. ఏటా ఇలా ఏరుకుంటూ పోతే ఈ నేలకు అలవాటుపడ్డ గింజ మిగులుతుంది. ఫ్రాంక్ మోర్టన్ చేసిందీ పెద్దగా వేరేమీ కాదు.

గింజకు వదిలినవి తప్ప హోలీకి మడి ఖాళీ. వెంటనే అదే గీత మీద ఎర్ర తోటకూర చల్లవచ్చు. అది మండుటెండలను ఇష్టపడే మొక్క. జొన్న, మక్క, చెరుకులకున్న కిరణజన్య సంయోగ పద్ధతే దీనిదీ. వేడి పెరిగేకొద్దీ ఉత్సాహం. మూడు నాలుగు వారాలకే కోతకు వస్తుంది, వేళ్లతో సహా పీకి మళ్లీ చల్లుకోవచ్చు. అంచున పచ్చ తోటకూర, మధ్యలో ఎరుపు, కంచెకు ఎర్రబచ్చలి పాకిస్తే ఏప్రిల్, మే నెలల్లో కూడా వాకిట్లో రంగు ఆగదు. లెట్యూస్ మొదళ్లు పీకేటప్పుడు చుట్టూ ఉన్న వల మూడు రోజులు తీసేయండి. మిగిలిన ముదురాకులు, పురుగు, నత్తగుడ్లు అన్నీ కోళ్లే తిని మట్టి గీరి పెడతాయి. తోటకూర చల్లే రోజు మాత్రం వల మళ్లీ కట్టడం మర్చిపోవద్దు.